తొందరపడ్డ ఓదార్పు

మోకాలి ఆపరేషను చేయించుకుని, నెలన్నర ఇంట్లో కూర్చుని, చేతికర్ర సాయంతో క్లినిక్కుకి తిరిగొచ్చిన ఉదయమే పెద్దమేడానికి ఆ వార్త తెలిసింది. లిఫ్టు మెకానిక్ ఇక తన దగ్గరికి రాడట. ఆ సంగతి అతనూ చెప్పలేదు, చిన్నమేడమూ చెప్పలేదు. రిసెప్షన్ అమ్మాయి చెప్పింది, అదీ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పెన్ను మూత కోసం వెతుక్కుంటూ.

“పదకొండు గంటలాయన చిన్నమేడం దగ్గరే కంటిన్యూ అవుతానన్నారు మేడం. వచ్చే నెల నుంచి ఆ టైముకి మీకు వేరేవాళ్లని వెయ్యనా?”

“వెయ్యి,” అంది పెద్దమేడం. గొంతు మామూలుగానే వచ్చింది. గొంతును అదుపులో పెట్టుకోవడం ఆమెకి వృత్తిలో భాగం.

ఆ క్లినిక్కులో మనసుకి వైద్యం చేసేవాళ్లు ఇద్దరే. వయసును బట్టి ఒకావిడ పెద్దమేడం, ఇంకొకావిడ చిన్నమేడం. పేర్లు పెట్టింది ఊడ్చే ఆయా. మొదటిసారి విన్నప్పుడు పెద్దమేడం భర్త, ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, పడీ పడీ నవ్వాడు. “ఇద్దరు పెళ్లాల కాపురంలా ఉందే మీ ఆఫీసు,” అన్నాడు. అప్పుడు ఆమె కూడా నవ్వింది.

తన గది తలుపు తీసి చూసుకుంది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మరీ ఎదురెదురుగా కాకుండా కాస్త వాలుగా వేసిన రెండు కుర్చీలు. వచ్చినవాళ్ల తల వెనక గోడకి గడియారం, చేతివాచీ చూస్తే వాళ్ల మనసు చివుక్కుమంటుందని అక్కడ పెట్టించుకున్నది. బల్ల మీద టిష్యూ డబ్బా, చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఈ గదిలో ఆమె చేసేది ఒకటే పని. మాట్లాడించడం, వినడం. మనిషి మాట్లాడుకుంటూ పోతే, వినేవాళ్లు నిజంగా వింటే, లోపలి ముడి దానంతటదే వదులవుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే జుట్టు నెరిసింది.

లిఫ్టు మెకానిక్ ఆ కుర్చీలో రెండేళ్లు కూర్చున్నాడు. అతనూ అతని బావమరిదీ కలిసి పనిచేసేవాళ్లు. ఒక భవనంలో లిఫ్టు బాగుచేస్తుండగా, లిఫ్టు గుంతకి అడ్డంగా వేసుకున్న చెక్క మీంచి బావమరిది కాలు జారింది. మెకానిక్ అతని మణికట్టు పట్టుకున్నాడు. పట్టు నిలవలేదు. ఆ రోజు నుంచీ మెకానిక్ లిఫ్టు ఎక్కలేదు. క్లినిక్కు నాలుగో అంతస్తులో ఉంది. వారం వారం మెట్లెక్కి, ఆయాసంతో వచ్చి కూర్చునేవాడు. “ఎలా ఉన్నారు?” అని ఆమె అడిగితే, “కాస్త నయమండి,” అనేవాడు. పోయిన వారం కన్నా ఈ వారం నయం, ఈ వారం కన్నా వచ్చే వారం ఇంకాస్త నయం. ఆ నయాలన్నీ తన చేతి చలవేనని ఆమె లోలోపల మురిసిపోయేది. అలాంటి మనిషి నెలన్నరలో పార్టీ మార్చేశాడు.

కొత్తొక వింత, పాతొక రోత అనుకుని సరిపెట్టుకోబోయింది కానీ కడుపులో మంట ఆరలేదు. పదకొండు కాగానే కర్ర తీసుకుని, మంచినీళ్ల వంక పెట్టుకుని, బయటికి నడిచింది.

లిఫ్టు ముందు ఇద్దరూ కనిపించారు. చిన్నమేడం గోడకి ఆనుకుని నిలబడి ఉంది, జడ ముందుకి వేసుకుని, చేతులు కట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసే కాలేజీ పిల్లలా. మెకానిక్ లిఫ్టు బటన్ నొక్కుతున్నాడు. లిఫ్టు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎవరూ ఎక్కలేదు. తలుపు మూసుకుంది. అతను మళ్లీ నొక్కాడు. మళ్లీ తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. చిన్నమేడం ఒక్క మాటా మాట్లాడటం లేదు.

పెద్దమేడం ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే, వెనక్కి తిరక్కుండా, “నమస్తే మేడం,” అన్నాడు మెకానిక్. తర్వాత తిరిగాడు. ఆమె కళ్లలోకి ఒకసారి చూసి నవ్వాడు. “మోకాలు ఎలా ఉందండి?”

“నాదేముంది లెండి. మీరెలా ఉన్నారు?”

“కాస్త నయమండి.”

ఆ రెండు ముక్కలకే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అయితే చిన్నమేడం ఆ మాటకి తలెత్తి అతని వైపు చూసిన చూపు మాత్రం నచ్చలేదు. అందులో ఏదో ప్రశ్న ఉంది.

ఆ మధ్యాహ్నం చిన్నమేడమే ఆమె గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, కూర్చోమంటే గానీ కూర్చోలేదు. “అతను నా దగ్గరే ఉంటాననడం మీకు ముందే చెప్పాల్సింది మేడం. ఆపరేషన్ అయి ఉన్నారని ఫోన్ చెయ్యలేదు.”

“దానికేముందమ్మా. పేషెంటు బాగుపడటం ముఖ్యం గానీ ఎవరి చేతుల్లో అన్నది ముఖ్యమా?” అంది పెద్దమేడం. పుస్తకంలో రాసుకోదగ్గ మాట. ఆ మాట అంటుండగానే చిన్నమేడం చెవులకున్న బుట్టల్లాంటి లోలాకులు కూడా ఆమెకి కంటగింపుగా ఉన్నాయి. “ఇంతకీ ఆ బటన్ నొక్కించడం ఏమిటి?”

“భయపడే దాని దగ్గరికి కొంచెం కొంచెంగా తీసుకెళ్తున్నాను. ముందు చప్పుడు, తర్వాత తలుపు, తర్వాత లోపల ఒక అడుగు. ఇప్పుడు వారానికి రెండుసార్లు రమ్మంటున్నాను. రెండోసారి గదిలో నా వేళ్లని అటూ ఇటూ కళ్లతో అనుసరిస్తూ ఆ రోజుని గుర్తు చేసుకోమంటాను. శరీరంలో ఎక్కడ బిగుసుకుంటోందో చూసుకోమంటాను. మాటలు రానిచోట అలా పనికొస్తోంది. మీరు వేసిన పునాది ఉండబట్టే నాకు…”

“సరేలే,” అంది పెద్దమేడం. పునాది అన్న మాట ఆమెకి పుండు మీద కారంలా తగిలింది. పునాది అంటే మట్టిలో పూడ్చిపెట్టేదే కదా.

మర్నాడు డైరెక్టరు గారు పిలిచారు. చిన్నమేడం చేరి ఏడాది కావస్తోంది, ఉద్యోగం ఖాయం చెయ్యాలా వద్దా తేల్చాలి. ఆయనకి మందులు రాయడం వచ్చు గానీ ఈ మాటల వైద్యం సంగతి తెలియదు. ఆ విషయం దాచుకోని మనిషి. “మీరెలాగంటే అలాగండి,” అన్నారు.

“పిల్ల మంచిదే,” అంది పెద్దమేడం. అక్కడ ఆపితే ఏ గొడవా ఉండేది కాదు. “కానీ…” అంది.

ఎదుటివాళ్ల కూటి మీద దెబ్బ కొట్టడానికి కత్తులూ కటారులూ అక్కర్లేదు, ఆ ‘కానీ’ ఒకటి చాలు. “కానీ పద్ధతి నిలకడగా లేదండి. ఒకరోజు వేళ్లు ఆడిస్తుంది, ఒకరోజు బటన్లు నొక్కిస్తుంది. పెద్ద దెబ్బ తగిలిన మనుషులతో ఆటలాడితే రేపు ఏమైనా అయితే క్లినిక్కుకే మాట వస్తుంది.”

డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “అమ్మో, అలాంటివి మనకొద్దు. పోనీ ఒక పని చెయ్యండి. రేపు అద్దం గదిలో కూర్చుని ఆ అమ్మాయి పని చూడండి. మీరు వద్దంటే వద్దు. వేరేవాళ్లని చూసుకుంటాను.”

ఆ సాయంత్రం ఇంట్లో తువ్వాళ్లు మడతపెడుతూ, ఒకే తువ్వాలుని నాలుగుసార్లు విప్పి మడతపెట్టింది. మాస్టారు పేపరు వెనకనుంచి కాసేపు చూశాడు.

“ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడిగా ఉన్నట్టున్నాయే,” అన్నాడు.

“నాకేం అసూయ లేదు.”

“అసూయ అన్న మాట నేననలేదు.”

ఎవరైనా వచ్చి తన ముందు కూర్చుని ‘నాకేం అసూయ లేదు’ అంటే ఏం రాసుకునేదో ఆమెకి బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారుతుందా? అగ్గిపెట్టె చేసేవాడి చెయ్యి కూడా కాలుతుంది. రేపు ఆ పిల్ల ఎక్కడో ఒకచోట తప్పటడుగు వెయ్యకపోదు. ఒక్కటి చాలు. అలా అనుకున్నాక గానీ తువ్వాలు సరిగ్గా మడతపడలేదు.

అద్దం గది అంటే నిజానికి గది కాదు, పాత బీరువాలు పెట్టుకునే సందు. ఒక గోడకి పెద్ద అద్దం ఉంటుంది. అవతలి గదిలో ఉన్నవాళ్లకి అందులో తమ మొహమే కనిపిస్తుంది. ఇవతల కూర్చున్నవాళ్లకి ఆ గదంతా కనిపిస్తుంది. మాటలు వినడానికి చిన్న స్పీకరు. ఎవరైనా కూర్చుంటే ఆ సంగతి పేషెంటుకి ముందే చెప్పి ఒప్పించాలన్నది నియమం.

“మీరే చూస్తున్నారని చెప్పనా మేడం?” అని అడిగింది చిన్నమేడం.

“నా పేరెందుకు? మనవాళ్లెవరో నీ పని చూడ్డానికి కూర్చుంటున్నారని చెప్పు. సరేనంటేనే కూర్చుంటాను.”

చెబితే అతను మొహమాటపడతాడని ఆమె అనుకుంది. అది సగం నిజం. తను లేనప్పుడు అతను ఎలా ఉంటాడో చూడాలన్నది మిగతా సగం. మొగుడి ఫోను తీసి చూసే పెళ్లాం కూడా ఇలాగే అనుకుంటుంది కాబోలు.

సందులోకి వెళ్లి కూర్చోబోతుంటే చేతికర్ర బీరువాకి తగిలి టక్కుమంది. అవతల మెకానిక్ అప్పుడే కుర్చీలో కూర్చుంటున్నాడు. ఒకసారి అద్దం వైపు చూశాడు. క్రాపు సరిచేసుకుని, చిన్నమేడం మరోసారి అడిగితే, “కూర్చోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు,” అన్నాడు.

పెద్దమేడం తప్పులు వెతకడం మొదలుపెట్టింది. చిన్నమేడం కుర్చీ ఎదురుగా లేదు, అతని పక్కకి జరిగి ఉంది. అది ఒకటి. ఎలా ఉన్నారని అడగలేదు. అది రెండు. బల్ల మీద టిష్యూ డబ్బా కూడా లేదు. ఏడిస్తే ఏం చేస్తుందట?

చిన్నమేడం రెండు వేళ్లు ఎత్తి, అతని కళ్ల ముందు అటూ ఇటూ నెమ్మదిగా కదిలించింది. అతని తల కదలలేదు, కళ్లు మాత్రం వేళ్ల వెంట తిరిగాయి. కాసేపటికి ఆపి, “ఇప్పుడేముంది?” అని అడిగింది.

“అదే. చెక్క. వాడి చెప్పు.”

“మీ చెయ్యి ఏం చేస్తోంది?”

పెద్దమేడం అప్పుడు చూసింది. అతని కుడి చెయ్యి కుర్చీ చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. రెండేళ్లు ఆమె అతని మొహాన్నే చూసింది. చేతిని ఎప్పుడూ చూడలేదు.

“పట్టుకుంది,” అన్నాడు.

“పట్టుకోనివ్వండి. దాంతోనే ఉండండి.” మళ్లీ వేళ్లు కదిలాయి. మళ్లీ ఆగాయి.

“చెయ్యి జారలేదండి,” అన్నాడు. “అందరికీ జారిందనే చెప్పాను. మా ఆవిడకీ అదే చెప్పాను. వాడి బరువుకి నేను కూడా అంచు దాటి జారిపోతున్నాను. అప్పుడు… వేళ్లు నేనే విప్పాను. నేనే వదిలేశాను.”

“మీ తప్పేం లేదు,” అంది పెద్దమేడం.

సందులో ఒక్కతే కూర్చుని, అద్దానికి చెప్పింది. కళ్లలో నీళ్లు అప్పుడే నిండిపోయాయి. అవతల చిన్నమేడం మాత్రం ఏమీ అనలేదు. అతని తప్పు ఉందనలేదు, లేదనలేదు. “ఊఁ,” అంది. “విన్నాను. అక్కడే ఉండండి,” అంది. మెకానిక్ తల వంచుకున్నాడు. భుజాలు కదిలాయి. ఎవరూ అతనికి ఏమీ అందించలేదు. చొక్కా చేతితో కళ్లు తనే తుడుచుకున్నాడు.

“ఈ మాట ఇన్నాళ్లూ ఎక్కడ ఆగిపోయింది?” అని అడిగింది చిన్నమేడం.

అతను తలెత్తి అద్దం వైపు చూశాడు. మాట్లాడినంతసేపూ అటే చూశాడు.

“పెద్దమేడం దగ్గర నోటిదాకా వచ్చిందండి, మొదట్లోనే. ‘నా చెయ్యి…’ అన్నాను. అంతే, ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘మీ తప్పేం లేదు’ అన్నారు. ఇంక చెప్పడానికేముంటుందండి? చెప్పకుండానే తీర్పొచ్చేసింది. అసలు జరిగింది చెబితే ఆ మంచి మనిషి ఏమైపోతుందో అని భయమేసింది. ఇంట్లో చూస్తే మా ఆవిడ. పోయింది ఆవిడ తమ్ముడాయె. అక్కడ ఆవిడని ఓదార్చి, ఇక్కడికొచ్చి ఈవిడని ఓదార్చి… ‘కాస్త నయం’ అంటే మేడం మొహం వెలిగేదండి. నేను అన్ని మెట్లెక్కి వచ్చి, పాపం ఆవిడ కోసం ఆ మాత్రం అనకపోతే ఎలా అని, వచ్చిన ప్రతిసారీ అనేవాణ్ని.”

పెద్దమేడం చెయ్యి అలవాటుగా టిష్యూ కోసం పక్కకి వెళ్లింది. అక్కడ బీరువా తగిలింది.

ఇంతకాలం ఆమె అనుకున్న నయాలన్నీ అతను తనకి వేసిన బిచ్చమా? ఆ కుర్చీల్లో ఎవరు ఎవరికి వైద్యం చేశారు? సిగ్గు వచ్చింది, కోపం వచ్చింది. ఆ కోపంలోనూ, ఇదంతా ఆ లోలాకుల పిల్ల వినేసిందే అన్న బాధే ముందు వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. తప్పు వెతకడానికి వచ్చింది. దొరికింది. అది చిన్నమేడంది కాదు, అంతే.

ఆ మధ్యాహ్నం డైరెక్టరు గారి గది ముందు చాలాసేపు నిలబడింది. తను ఒక్క మాట ‘వద్దు’ అంటే ఆ పిల్ల వచ్చే నెల ఇక్కడ ఉండదు. ఉండకపోతే తన గురించి అంత తెలిసినవాళ్లు పక్కగదిలో ఉండరు. ఆ ఆలోచన వచ్చిందని ఆమె తనకి తాను ఒప్పుకుంది. ఒప్పుకుని, తలుపు తోసింది.

“నిన్న చెప్పినది తప్పండి,” అంది. “పద్ధతి ఉంది. బాగా ఉంది. ఆ కేసులో పొరపాటు నాది, ఆమెది కాదు. ఖాయం చెయ్యండి.”

“నిన్న ‘కానీ’ అన్నారు?”

“అసూయతో అన్నానండి.”

డైరెక్టరు గారు మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. దేనికీ ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆయన చేసే పని అదొక్కటే. “సరే అయితే,” అన్నారు.

తర్వాతి వారం పదకొండుకి కాస్త ముందే, నాలుగో అంతస్తు మెట్ల చివర నిలబడింది పెద్దమేడం. కింద నుంచి మెకానిక్ అడుగుల చప్పుడు వినిపించింది. మలుపు తిరిగి ఆమెని చూసి ఆగాడు, కింది మెట్టు మీదే.

“ఆ రోజు అద్దం వెనక ఉన్నది నేను,” అంది.

“తెలుసండి.”

“ఎలా తెలుసు?”

“కర్ర. లిఫ్టు దగ్గరికి మీరు వచ్చిన రోజు విన్నాను కదా. అక్కడా అదే చప్పుడు.”

“నేనని తెలిసే చెప్పారా?”

“మీరని తెలిసే చెప్పానండి,” అన్నాడు. రెయిలింగు పట్టుకున్న తన చేతిని చూసుకున్నాడు. “ఎదురుగా కూర్చుంటే మీ మొహం చూస్తాను. చూస్తే చెప్పలేను. అద్దం అడ్డం ఉంది కాబట్టి చెప్పగలిగాను.”

క్షమించండి అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుందో వెంటనే కళ్లకి కట్టింది. ‘అయ్యో, అంత మాట ఎందుకండి’ అంటాడు. రెండు మెట్లు పైకి వస్తాడు. మళ్లీ ఓదారుస్తాడు. ఆమె ఆ మాటని మింగేసింది.

“సరే,” అంది. “విన్నాను.”

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఇంకేదో వస్తుందని కాసేపు చూశాడు. ఏమీ రాకపోయేసరికి అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి.

“ఇవాళ ఎక్కిస్తానన్నారు చిన్నమేడం,” అన్నాడు. “ఒక్క అంతస్తు. నాలుగు నుంచి మూడుకి. ఆవిడ లోపల నాతో ఉంటారు. కింద తలుపు తెరుచుకునేసరికి ఎవరైనా తెలిసినవాళ్లుంటే బాగుంటుందన్నారు. ఎవరని అడిగారు.” ఆగాడు. “మీరు ఉంటారా? జాలిగా చూడకుండా ఉండగలరా?”

“చూస్తాను,” అంది పెద్దమేడం. ఉండగలనని చెప్పలేదు, ఎందుకంటే తెలియదు.

మూడో అంతస్తుకి మెట్ల మీదే దిగింది. ముందు కర్ర, తర్వాత నొప్పి కాలు, తర్వాత మంచి కాలు. ప్రతి మెట్టుకీ మోకాలు కలుక్కుమంది. దిగుతూ ఉంటే పైనుంచి చిన్నమేడం గొంతు వినిపించింది, ఏదో నెమ్మదిగా చెబుతోంది. అతను దేనికో నవ్వాడు. ఇంత జరిగాక కూడా ఆ నవ్వు వింటే ఆమె గుండెలో కలుక్కుమంది. రెండేళ్లలో తన గదిలో అతను అలా ఒక్కసారీ నవ్వలేదు. ఓర్వలేనితనం ఒక మంచి పని చేయగానే పారిపోయే రకం కాదు. అది కూడా కర్ర పట్టుకుని వెనకే మెట్లు దిగుతోంది. దిగనీ అనుకుంది.

లిఫ్టు ముందు నిలబడింది. తలుపు పైన నాలుగు అంకె ఎర్రగా వెలుగుతోంది. లోపల చోటు చిన్నమేడంది. తనకి మిగిలింది ఈ బయటి చోటు. మొహాన్ని ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లుగా కరుణగా పెట్టుకుని పెట్టుకుని, మామూలుగా ఎలా ఉంటుందో మరిచిపోయింది. ఎర్ర అంకె ఆరి, మూడు వెలిగింది. లోపల ఏదో గట్టిగా తగిలిన చప్పుడు, మోచెయ్యి కావచ్చు. తలుపు తెరుచుకుంది.

అతను చెమటతో తడిసిపోయి ఉన్నాడు. కుడి చెయ్యి లోపలి కడ్డీని పట్టుకునే ఉంది. చిన్నమేడం అతన్ని ముట్టుకోకుండా పక్కనే నిలబడి, తలుపు మూసుకోకుండా బటన్ మీద వేలు పెట్టి ఉంచింది. అతను ఎప్పటిలాగే ముందు పెద్దమేడం కళ్లలోకి చూశాడు. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. అవి అలా ఉండటానికి కర్రని ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకే తెలుసు.

“ఎలా ఉన్నారు?” అంది.

అతని వేళ్లు ఒక్కొక్కటే కడ్డీని వదిలాయి. ఒక అడుగు బయటికి వేశాడు.

“ఏం బాగాలేదండి,” అన్నాడు. “అసలు బాగాలేదు. కాళ్లు వణుకుతున్నాయి. వాడే గుర్తొస్తున్నాడు.”

“ఊఁ,” అంది పెద్దమేడం. కర్ర రెండో చేతిలోకి మార్చుకుని పక్కకి జరిగి, గోడకి ఆనుకోవడానికి అతనికి చోటిచ్చింది.